కడుపునిండా నీళ్లు

మా ఇంటికి ఎదురుగా, బాట అవతల, నర్సింగమ్మ ఇంటి మూలన ఒక బాత్రూం ఉండేది. ఉండేది అనడమే గానీ దానికి కప్పు లేదు, తలుపు లేదు, లోపల బేసిన్ లేదు. నడుం ఎత్తు లేచి ఆగిపోయిన గోడలు, పక్కన తవ్వి వదిలేసిన గుంత, గుంత మీద అడ్డంగా వేసిన తుమ్మకంప. పొద్దున తలుపు తీస్తే నాకు మొదట కనబడేది అదే. ఆ గోడల మధ్య నర్సింగమ్మ కోళ్లు గుడ్లు పెట్టుకునేవి. ఈ ఊళ్లో ఆ బాత్రూం వల్ల సుఖపడింది కోళ్లు మాత్రమేనని నేను కనబడ్డవాళ్లందరితోనూ అనేదాన్ని.

పని ఆగింది ఇసుక దొరక్క కాదు, మేస్త్రీ లచ్చయ్య ముఖం చాటేసీ కాదు. నర్సింగమ్మ కోడలు యాదలక్ష్మి నెల తప్పింది, అదీ సంగతి. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా గుంత తవ్వొద్దు, దర్వాజ ఎత్తి గుమ్మం నిలబెట్టొద్దు, కప్పు వెయ్యొద్దు. మా దగ్గర ఈ మాట తెలియనివాళ్లు లేరు. అయితే తొందర ఉన్నవాళ్లు పంచాంగం చూసే అయ్యగారి దగ్గరికి పోయి, మొదలుపెట్టిన పని ఆపకూడదని ఆయన నోటితోనే అనిపించుకొస్తారు. నర్సింగమ్మ ఆ పని కూడా చెయ్యలేదు. కోడలు వాంతి చేసుకున్న రోజే లచ్చయ్యను వాకిట్లోంచి పంపించేసింది.

"పని బంద్ చెయ్యి లచ్చయ్యా. కాన్పయినంక చూద్దాం."

"అక్కా, ఇంకెంతున్నది? గుంతల సిమెంటు రింగులు దించి గోడ లేపితె అయిపాయె."

"అయిపాయె అనుకుంటనే అన్ని అయితయి. నువ్వు పో."

నేను ఈ ఊరి అంగన్‌వాడీ టీచర్ని. నా పేరు సుచరిత అని మా ఆయన కూడా మర్చిపోయి ఉంటాడు, అందరికీ టీచరమ్మనే. జడ్చర్లకు ఆటోలో పోయేంత దూరంలో ఉన్న పల్లె మాది. తెలంగాణ వచ్చాక గర్భిణులకు సెంటర్లోనే పూట భోజనం పెట్టమన్నారు. అన్నం, పప్పు, గుడ్డు, గ్లాసెడు పాలు. యాదలక్ష్మి రోజూ వచ్చేది. అన్నం తినేది, గుడ్డు తినేది. పాల గ్లాసు మాత్రం అటూ ఇటూ జరిపి, నేను చూడనప్పుడు పక్కనున్న ఏ పిల్లవాడికో తాగించేది. నాలుగో నెలలో అయితే వికారం అనుకుందును. ఏడో నెల వచ్చాక కూడా అదే పని. చివరికి ఒకరోజు గ్లాసు ఆమె చేతిలో పెట్టి ఎదురుగా కూచున్నాను.

"తాగు."

"వద్దు టీచరమ్మా."

"ఎందుకొద్దు? పాలు పడవా?"

"పడతయి. తాగితె పోవాలె గద," అంది. "ఏడికి పోవాలె, మీరే చెప్పుండ్రి."

అప్పటికి మాఘం వెళ్లిపోయింది. చేన్లల్లో పత్తికట్టె పీకేశారు. పత్తి మనిషెత్తు నిలబడి ఉన్నన్నాళ్లు ఆడవాళ్లకు ఏదో ఒక చాటు ఉంటుంది. కట్టె పీకేశాక ఊరి చుట్టూ ఎటు చూసినా బోసి నేలే. తుమ్మచెట్టు కింద కూచున్న మేకను కూడా రోడ్డు మీది బస్సులోంచి గుర్తుపట్టవచ్చు. ఇక ఆడవాళ్లు తెల్లవారకముందే చెంబు పట్టుకుని పోవాలి, లేదంటే పొద్దుగూకాక పోవాలి. ఆ రెంటి మధ్య పగలంతా ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. వట్టి మనిషే ఓర్చుకోలేదు. లోపల పిల్ల తల కిందికి వచ్చి బరువంతా ఒత్తుతుంటే ఎట్లా ఓర్చుకుంటుంది? యాదలక్ష్మి దానికి తనకు తోచిన ఉపాయం చేసింది. నీళ్లు మానేసింది.

యాదలక్ష్మిది నందికొండ. తండ్రి సాయిలు డ్యాం నీళ్లల్లో చేపలు పడతాడు. తల్లి ఈ పిల్ల ఏడో తరగతిలో ఉండగానే పోయింది. డ్యాం కట్టిన కాలం నాటి పాత క్వార్టర్లో తండ్రీ బిడ్డలిద్దరే ఉండేవాళ్లు. గోడలు పెచ్చులూడాయి, వానొస్తే కప్పు కారుతుంది, కానీ బాత్రూంకు తలుపుంది, తలుపుకు గొళ్లెముంది, నల్లా తిప్పితే నీళ్లొస్తాయి. పెళ్లిచూపులనాడు మల్లేష్ ఏమైనా అడగమంటే ఈ పిల్ల అడిగింది ఒక్కటేనట, మీ ఇంట్లో బాత్రూం ఉందా అని. లేదు, కట్టిస్తా అన్నాడు. మాట తప్పాడని అనలేను, గోడలు లేపాడు కదా.

"మా నాయిన కూర లేకుంట బువ్వ పెట్టిండు గని, నీళ్లకు కరువు పెట్టలే టీచరమ్మా," అనేది యాదలక్ష్మి. అనేటప్పుడు దవడలు బిగుసుకునేవి. ఏడ్చే రకం కాదు ఆ పిల్ల. కోపం వస్తే ముక్కుపుటాలు అదురుతాయి, మాట చిన్నదైపోతుంది. ఆ నెలల్లో ఆమె మాట దాదాపు ఎప్పుడూ చిన్నగానే వినబడింది.

కోపం రాక ఏం చేస్తుంది? బాటన పోయేవాళ్లందరికీ ఆమె కడుపు మీద పెత్తనమే. బొప్పాయి ముట్టకు అని ఒకరు. ఎడమపక్కకు పండుకో అని ఒకరు. అట్లా పండుకుంటే పేగు చుట్టుకుంటుంది, లేచి కూచుని తిరుగు అని ఇంకొకరు. కడుపు ముందుకుంది, మగపిల్లాడే అని ఒకామె, కాదు ముఖం పీక్కుపోయింది, ఆడపిల్లే అని ఇంకొకామె వాకిట్లో నిలబడి వాదులాడుకుంటే, మధ్యలో ఈ పిల్ల రెండు కాళ్లు దగ్గరగా పెట్టుకుని వాళ్లెప్పుడు పోతారా అని చూస్తూ ఉండేది. కాళ్లు వాచి చెప్పులు పట్టేవి కావు. ఇంట్లో మల్లేష్ చెప్పులేసుకుని తిరిగేది.

మల్లేష్ చెడ్డవాడు కాదు. జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో షిఫ్టు పని. తల్లి మాటకు ఎదురు చెప్పలేడు, భార్య ముఖం చూడలేడు. అందుకని ఎక్కువ ఓవర్‌టైం చేసేవాడు. ఒకనాడు పొద్దున బండి తీస్తుంటే యాదలక్ష్మి హ్యాండిల్ పట్టుకుంది. నేను వాకిలి ఊడుస్తున్నాను, మాటలన్నీ వినబడ్డాయి.

"మీ కంపెనీల టైల్సేసిన బాత్రూంలున్నయంట గద."

"ఉన్నయి. అయితె?"

"నన్ను గూడ తీస్కపో. గాడనే గేటుకాడ కూసుంట."

"పిచ్చి మాటలు మాట్లాడకు. ఒక బకిటె పెట్టుకో ఇంట్ల. రెండు నెలలు, గంతే గద."

ఆమె హ్యాండిల్ వదిలేసింది. అతను పోయాక వాకిట్లో ఉన్న బకెట్‌ను కాలితో ఒక్క తన్ను తన్నింది. అది దొర్లుకుంటూ వచ్చి మా గేటుకు తగిలింది. ఆరోజే నేను మా పెరటి బాత్రూం తాళంచెవి ఆమెకు ఇచ్చాను. పగలు నేను సెంటర్లో ఉంటాను, మా ఆయన ఆర్టీసీ డ్రైవరు, బస్సు మీద ఉంటాడు. ఇద్దరు కొడుకులు హాస్టల్లో. ఇల్లు ఖాళీ. గేటు తీసుకుని వచ్చి పో, ఎవర్నీ అడగనక్కర్లేదు అన్నాను. చీర కొంగుకు కట్టుకుంది. ఆ కొన్నాళ్లు సెంటర్లో పాలు తాగింది, నీళ్లు తాగింది, మనిషి ముఖంలోకి కళ వచ్చింది. ఒకరోజు నా గ్లాసులో మిగిలిన మజ్జిగ కూడా తాగేసి మూతి తుడుచుకుంటే నాకు నవ్వొచ్చింది.

నర్సింగమ్మ కంటబడకుండా ఎన్నాళ్లుంటుంది? కోడలి చీర ఉతకడానికి తీస్తే ముడిలో తాళంచెవి దొరికింది. అది పట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చి నా చేతిలో పెట్టింది.

"మా పిల్లను మేం సాదుకుంటం టీచరమ్మా. దాన్ని బాట దాటిచ్చి తిప్పకు. కడుపుతోటి మనిషి, ఎవరి కండ్లు ఎట్లుంటయో. ఊరోళ్లు ఏమంటరు? కోడలికి గింత జాగ చూపియ్యనీకె చాతగాలె అంటరు."

"అంటే తప్పేముంది అక్కా? చాతగాలె గద," అన్నాను. నా నోరు అంతే.

ఆమె వెళ్లిపోయింది. మర్నాటి నుంచి యాదలక్ష్మి పాల గ్లాసు మళ్లీ పక్క పిల్లవాడి చేతిలోకి పోయింది.

ఎనిమిదో నెల చివర నేనే ఆమెను జడ్చర్ల దవాఖానకు తీసుకుపోయాను. రెండు రోజులుగా నడుము నొప్పి, ఒళ్లు కాలుతోంది. పోసేటప్పుడు మంటగా ఉందని చెప్పడానికి ఆటో సగం దూరం పోయేదాకా సిగ్గుపడింది. డాక్టరమ్మ పరీక్ష చేయించి, చీటీ చూసి, కళ్లద్దాలు తీసింది.

"నీళ్లు తాగుతలేవా?"

యాదలక్ష్మి నేల చూపులు చూసింది.

"ఇన్ఫెక్షన్ వచ్చింది. పిల్ల బరువు గూడ తక్కువున్నది. గిట్లనే ఉంటె నెలలు నిండకముందే నొప్పులొస్తయి, చెప్తున్న. గప్పుడు నేనేం చెయ్యలేను. మందులు వాడు. నీళ్లు, మజ్జిగ, ఏదైతె గది, తాగుకుంట ఉండు. వచ్చినప్పుడు ఆపుకోకు."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ పిల్ల మందుల కవరు ఒళ్లో పెట్టుకుని ఎండలోకి చూస్తూ కూచుంది. ఎండాకాలం అప్పుడే మొదలైంది, రోడ్డు వేడి ముఖానికి కొడుతోంది. ఉన్నట్టుండి నవ్వింది, అది నవ్వు కాదు.

"గోలీ మింగనీకె గూడ నీళ్లు కావాలె గద టీచరమ్మా," అంది. తర్వాత కడుపు మీద చెయ్యి వేసుకుని, "దీనికి ఏమన్న అయితె నేను ఎవ్వర్ని ఇడిసిపెట్ట," అంది. నాకు భయమేసింది. నిజంగా భయమేసింది. బరువు తక్కువ పుట్టిన పిల్లల్ని నా సెంటర్లో తూకం వేసేది నేనే.

ఆ పూటే పోయి నర్సింగమ్మతో పోట్లాడాను. డాక్టరమ్మ అన్నది చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తలేదు.

"నీళ్లు తాగొద్దని నేనన్ననా?"

"తాగితే పోవడానికి చోటు లేదు గదా!"

"పొద్దుగాల పోతలేమా? మాపటీలి పోతలేమా? మేమంత కనలేదా?" చేట పక్కన పెట్టింది. "నువ్వు సదువుకున్నవ్, నీకు అన్ని అగ్గువనే టీచరమ్మ. నా పెద్దోడు ఎట్ల పోయిండో ఈ వాడకట్టంత ఎరుక. ఏడో నెలల ఉన్న, మా మామ గా దర్వాజ ఎత్తిచ్చిండు. వద్దని మొత్తుకున్న. ఎత్తిచ్చిండు. నెల తిరుగకముందే నొప్పులొచ్చె. పిలగాడు పొద్దుగాల పుట్టి మాపటీలికి పాయె. మల్ల నా ఇంట్ల గా పని చేపియ్యమంటవా?"

ఆ కథ నాకు తెలుసు. పండుగపూట ఇంటింటి గడపకూ పసుపు పూస్తే నర్సింగమ్మ ఆ దర్వాజకు మాత్రం తన చెయ్యి తగలనివ్వదు, కోడలే పూస్తుంది. అన్నీ తెలుసు. అయినా ఆరోజు నాకు జాలి కలగలేదు, కోపమే వచ్చింది. చచ్చిపోయిన బిడ్డ కోసం బతికున్న బిడ్డను ఎండబెడతావా అని అడగబోయి, ఆ ముఖం చూసి, ఎట్లాగో నోరు మూసుకుని వచ్చేశాను.

తొమ్మిదో నెల పడగానే శ్రీమంతం చేశారు. సాయిలు నందికొండ నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. ఒక చేతిలో నారాయణపేట చీర, ఇంకో చేతిలో ఎండుచేపల సంచి. చేపలు ఆరోజు తినరాదని ఎవరో అంటే సంచి పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక వాకిట్లోనే నిలబడ్డాడు. తల్లి ఉంటే తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకుపోవలసిన రోజులు. మగమనిషి ఒక్కడున్న ఇంటికి ఏం తీసుకుపోతాడు? కూతురు ముఖం చూసి తల తిప్పుకున్నాడు.

వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. పీట మీద కొత్త చీరలో యాదలక్ష్మిని కూచోబెట్టి గాజులు తొడిగారు, బుగ్గలకు గంధం పూశారు. రేకుల ఇల్లు, మధ్యాహ్నం, లోపల ఊపిరాడటం లేదు. ఆమె పెదవులు ఎండి పగిలాయి. అందరికంటే పెద్దది హనుమమ్మ అవ్వ. అవ్వ చేతులతో పుట్టని పిల్లలు మా ఊళ్లో తక్కువ. అక్షింతలు వేసి, గడ్డం పట్టుకుని ఆనవాయితీ ప్రకారం అడిగింది.

"చెప్పు బిడ్డా, ఏం తినబుద్దయితాంది? మనసుల పెట్టుకోకు. కడుపుతోటి పిల్ల అడిగింది పెట్టకుంటె పుట్టినదానికి చెవులు కారతయి."

అందరూ ఏ చింతకాయో, ఏ బొబ్బట్టో అంటుందని నవ్వుతూ చూస్తున్నారు.

"నీళ్లు," అంది యాదలక్ష్మి.

"ఓసి, నీళ్లకేమొచ్చె! తేండ్రే చెంబెడు నీళ్లు."

"చెంబెడు కాదవ్వా. కడుపునిండ తాగాలె. తాగినంక పోనీకె తలుపున్న జాగ కావాలె. పొద్దుగూకేదాంక ఆగుడు నాతోని అయితలేదు. ఇంకేమొద్దు నాకు. చీర వద్దు, గాజులు వద్దు. ఎనిమిది తీర్ల స్వీట్లు పెట్టిన్రు ముంగట, ఒక్కటి తినలే, ఎందుకంటె తింటె దూప అయితది." మాట చిన్నగానే మొదలైంది, చివరికి వాకిట్లో ఉన్న మగవాళ్లకు కూడా వినబడింది. "డాక్టరమ్మ ముందుగాలనే నొప్పులొస్తయంటాంది. ఇది సచ్చిపోతె మల్ల దర్వాజ అంటరా? ఇప్పుడు ఏ దర్వాజ ఎత్తిన్రు?"

గాజుల పెట్టె మూత చప్పుడైతే ఉలిక్కిపడ్డాం. నర్సింగమ్మ చేతిలో హారతి పళ్లెం ఉంది, అది పట్టుకునే లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

"అడిగింది గద," అంది హనుమమ్మ అవ్వ. "నోరు తెరిసి అడిగినంక తీర్చాలె. చెవులు కారతయి." అవ్వకు తెలిసిన ఆనవాయితీ అదే, దానికి పక్షపాతం లేదు.

తర్వాత భోజనాలు ఎవరూ సరిగ్గా చెయ్యలేదు. సాయిలు అరుగు మీద తల పట్టుకుని కూచున్నాడు, మల్లేష్ అతనికి ఎదురుగా నిలబడి గోడను చూస్తున్నాడు. నేను ఇంటికి వచ్చేసి, ఏం చెయ్యాలో తోచక, తోమిన గిన్నెలే మళ్లీ తోముతున్నాను. ఎండ వాలుతుండగా గేటు చప్పుడైంది. నర్సింగమ్మ. కొంగులో ఏదో మూట. లోపలికి రమ్మంటే రాలేదు, గడప బయటే నిలబడింది.

"నిజంగ గట్లనే అన్నదా డాక్టరమ్మ? నీళ్లు తాగకపోతె ముందుగాల నొప్పులొస్తయా?"

"వస్తాయంట. మొన్న చెప్పిన గదా."

"ఎప్పటికి గట్లనేనా? ముందటి కాలంల గూడ గట్లనే ఉండెనా?"

"ముందటి కాలంలో ఒక ఒళ్లు, ఇప్పుడొక ఒళ్లు ఉంటుందా అక్కా!" విసుక్కున్నాను. ఇదేం ప్రశ్న అనిపించింది. ఆమె చాలాసేపు నా గడపనే చూస్తూ నిలబడి, తర్వాత కొంగు మూట విప్పింది. బియ్యం, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ.

"దాన్ని నీ ఇంటికి తీస్కపో. పుట్టింటికి తీస్కపోయినట్టు. నా ఇంట్ల కడుపుతోటి మనిషి లేకుంటె, లచ్చయ్య పని చేసుకుంటడు. గప్పుడు తప్పు గాదు."

"నేనెట్లా పుట్టిల్లవుతానక్కా? బాట అవతలే ఉన్నాను!"

"నీకు ఆడపిల్ల లేదు. దానికి తల్లి లేదు. ఇంకేం కావాలె?"

చెయ్యి కడుక్కుని వెళ్లాను. సాయిలు అల్లుడి పక్కన నిలబడి చేతులు జోడించాడు. యాదలక్ష్మికి నేనే ఒడిబియ్యం పోశాను. అలవాటు లేక సగం కింద పోశాను. చెయ్యి పట్టుకుని గడప దాటించి, బాట దాటించి తీసుకొచ్చాను. దూరం అంతే, కానీ వాడకట్టంతా సాగనంపడానికి వచ్చింది.

ఇంట్లోకి రాగానే ఆమె చీర కూడా మార్చుకోలేదు. కుండ దగ్గరికి పోయి చెంబు ముంచుకుని నిలబడే తాగింది. గొంతులో గుటకలు వినబడుతున్నాయి. రవికె మీద కారుతోంది, తుడుచుకోలేదు. మళ్లీ ముంచింది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ తాగింది. అట్లా నీళ్లు తాగే మనిషిని చూస్తే నాకు ఏడుపొచ్చింది, అందుకని కోపంగా అన్నాను, "మెల్లగ, పొలమారుతది!" అని.

లచ్చయ్య మర్నాడే రింగులు దించాడు. గోడలు లేచాయి, రేకులు పడ్డాయి, నీలంరంగు తలుపు వచ్చింది. గుడ్లు పెట్టే చోటు పోయి కోళ్లు కొన్నాళ్లు గోల చేశాయి. యాదలక్ష్మి మా అరుగు మీద కాళ్లు చాపుకుని, మజ్జిగ చెంబు పక్కన పెట్టుకుని అదంతా చూసింది. అయితే కోరిక తీరిందని సంబరపడదామంటే దానికీ ఒక చిక్కు ఉంది. కాన్పుకు పుట్టింటికి వచ్చిన మనిషి పిల్లను ఎత్తుకుని ఐదో నెలలో గానీ తిరిగి పోకూడదు. అడిగి కట్టించుకున్న బాత్రూం ఎదురుగా ఉంది. ఈ పిల్ల మా బాత్రూంకు పోవాలి.

"మంచిగున్నది నా నసీబు," అనేది.

నెలలు నిండాకే ఆడపిల్ల పుట్టింది. దవాఖానలో తూకం వేసి మంచి బరువుందన్నారు. నమ్మకం కుదరక ఇంటికొచ్చాక నా సెంటర్ తక్కెడ మీద మళ్లీ వేశాను. నర్సింగమ్మ వచ్చి మనవరాలి చెవులు రెండూ వేళ్లతో మెత్తగా తడిమి చూసి పోయింది.

అసలు ఒళ్లు మండే సంగతి తర్వాత జరిగింది. వానలు మొదలయ్యాయి. ఒక తెల్లవారుజామున నర్సింగమ్మ యూరియా సంచి నెత్తిన కప్పుకుని, చెంబు పట్టుకుని, బురదలో చేను దిక్కు పోతోంది. వెనక నీలం తలుపుకు తాళం. యాదలక్ష్మి కిటికీలోంచి చూసి అరిచింది.

"అత్తమ్మా! బాత్రూం ఉండంగ ఏడికి పోతున్నవ్?"

"గది నువ్వు అడిగినవ్. నువ్వొచ్చినంక తీస్త," అని ఆగకుండానే పోయింది.

వానాకాలమంతా అదే తంతు. మల్లేష్ అడిగినా తాళం తియ్యలేదు. పత్తి మళ్లీ మనిషెత్తు పెరిగింది. రోజూ ఆ సంచి, ఆ చెంబు, కాలు జారితే చేతిలో కర్ర. "గీ ముసల్దాన్ని ఏం జెయ్యాలె టీచరమ్మా," అని యాదలక్ష్మి పిల్లను భుజాన వేసుకుని కిటికీ దగ్గర పళ్లు నూరేది. తల్లికి కోపమొస్తే పిల్ల ఏడ్చేది, పిల్ల ఏడిస్తే నా తల పగిలిపోయేది.

ఐదో నెలలో మంచిరోజు చూసి పంపించాను. బాట దాటి గడప ముందు నిలబడ్డారు. దిష్టి తీశాక నర్సింగమ్మ పిల్లను అందుకుని, ఒక చేత్తో కొంగు ముడి విప్పి, తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది.

"పో."

"నువ్వు పో ముందుగాల. వానల నానినవ్ గద ఇన్నొద్దులు!"

"పొమ్మంటె పో. వాదు పెట్టకు."

యాదలక్ష్మి ముక్కుపుటాలు అదిరాయి. తాళం తీసి లోపలికి పోయింది. గొళ్లెం పెట్టిన చప్పుడు, తర్వాత నల్లా విప్పిన చప్పుడు వినబడ్డాయి. నర్సింగమ్మ ఆ మూసిన తలుపు వైపే చూస్తూ నిలబడింది. పిల్ల ఆమె కొంగు నోట్లో పెట్టుకుంది.

"నా పెద్దోనప్పుడు నేను గూడ తాగలే టీచరమ్మా," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"గప్పుడు గూడ ఎండకాలమే. జొన్న కోసిన్రు, చేన్లు బోసిపోయినై. పొద్దుగూకేదాంక నాలిక మీద చుక్క ఏసుకోకపోతుంటి. నడుం నొస్తుండె, ఒళ్లు కాలుతుండె. ఎవ్వరికి చెప్పలే." దర్వాజ దిక్కు ఒకసారి చూసింది. "ఇన్నేండ్లు మా మామను తిట్టుకుంట బతికిన."

శ్రీమంతంనాటి సాయంత్రం ఆమె నా గడప ముందు నిలబడి ఏం అడిగిందో, నేను ఎంత విసుక్కున్నానో అప్పుడు గుర్తొచ్చింది.

తలుపు తెరుచుకుని యాదలక్ష్మి బయటికి వచ్చింది, ముఖం కడుక్కుని. మా ఇద్దరినీ చూసి ఆగింది.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏం గాలే," అంది నర్సింగమ్మ. పిల్లను నా చేతికిచ్చి లోపలికి పోయి, కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచుకొచ్చి కోడలికి అందించింది. "తాగు. పాలియ్యాలె గద పిల్లకు."